గుడ్డు తినాలా అని అడగడానికి రాజమండ్రి

మొగల్తూరులో పొద్దున ఆరింటి బస్సు ఎక్కేనాటికి నాకు ఐదో నెల. ఒంట్లో నెత్తురు తక్కువగా ఉందనీ, గుడ్లూ చేపలూ తినకపోతే కాన్పు కష్టమవుతుందనీ నరసాపురంలో ఒక డాక్టరు చెప్పి వారమైంది. మాది కిరాణా కొట్టున్న ఇల్లు. ఉల్లిపాయకే పూజగది దరిదాపుల్లో చోటు లేదు, ఇక గుడ్డు మాట చెప్పాలా! మా అత్తగారు ఆ పూట అన్నం మానేశారు. మర్నాడు మాత్రం, "రాజమండ్రిలో మా అక్క కూతురికి పురుడు పోసిన డాక్టరమ్మ ఉంది. ఆవిడా గుడ్డే అంటే అప్పుడు చూద్దాం" అన్నారు. తినకపోతే బిడ్డ దక్కదేమోనని నాకు భయం. తింటే ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని తిరగాలని ఇంకో భయం.

నరసాపురంలో అత్తగారికీ నాకూ పాసింజరు దొరికింది. ఆ బండి ఎక్కేవాళ్ళకు ఒక మాట. కిటికీ పక్కన కూర్చుంటే చల్లగాలి వస్తుంది, దాని వెనకే బొగ్గు నుసీ వస్తుంది. కొంగు అడ్డం పెట్టుకోండి. నేను వింతలు చూడాలని పెట్టుకోలేదు, పాలకొల్లు దాకా కళ్ళు నలుపుకుంటూనే ఉన్నాను.

పాలకొల్లులో ఎండుచేపల గంపతో ఒకమ్మాయి ఎక్కింది. మా అత్తగారు ముక్కుకి కొంగు కప్పుకుని కిటికీకి అతుక్కుపోయారు. ఆ అమ్మాయి కూడా ఒట్టిమనిషి కాదు. నా నోరు ఊరుకోదు కదా, పలకరించాను. పేరు సత్తెమ్మ, తణుకులో చేపలు అమ్ముకోడానికి వెళ్తోంది.

"చేపలు తింటావుగా, నీకు నెత్తురు బాగా ఉండుంటుంది" అన్నాను.

సత్తెమ్మ పకపకా నవ్వింది. "ఎక్కడండీ! నర్సమ్మగారు నా కంటిరెప్ప కిందకి లాగి చూసి, పాలిపోయావే అని తిట్టారండి. మంచి చేపలన్నీ గంపలోకేనండి. మిగిలినవి మగాళ్ళు తిన్నాక నాకు ముళ్ళూ పులుసూనండి. పులుసు మాత్రం బాగుంటుందండోయ్!"

చేపల గంప ఒళ్ళో పెట్టుకున్న మనిషికి నెత్తురు లేకపోవడమేంటి? ఎంత ఆలోచించినా అంతు పట్టలేదు. అత్తగారి చెవిలో వేస్తే, "ఆ వాసనకి నీకు మతి పోయింది, ఊరుకో" అన్నారు. తణుకులో దిగుతూ సత్తెమ్మ, "సుఖంగా కనండమ్మా" అంది. నేనూ ఆ మాటే అన్నాను.

నిడదవోలులో బండి మారాలి. కడుపుతో ఉన్నవాళ్ళు మెట్ల వంతెన మీద తొందరపడనక్కర్లేదు, రాజమండ్రి బండి ఎటూ ఆలస్యంగానే వస్తుంది. కొవ్వూరు దాటగానే గోదావరి! మా వైపు పాయగా చూసిన నది ఇక్కడ ఎంతకీ తరగదు. అత్తగారు పైసా విసిరి కళ్ళు మూసుకున్నారు. నేను కళ్ళు తెరుచుకునే దండం పెట్టాను. ఒక్క నీళ్ళచుక్క కూడా వదులుకోబుద్ధి కాలేదు.

స్టేషను నుంచి రిక్షాలో డాక్టరమ్మగారి ఇంటికి వెళ్ళేసరికి పదకొండు దాటింది. పెద్దావిడ, మందపాటి కళ్ళజోడు. నన్ను పరీక్ష చేసి, అత్తగారిని అడిగారు.

"నిన్న ఇంట్లో ఏం వండారు?"

అత్తగారికి ప్రాణం లేచొచ్చింది. "తోటకూర పప్పండి, బెండకాయ వేపుడండి, కొబ్బరి పచ్చడండి, చారండి, పెరుగండి. మా ఇంట్లో తిండికి లోటు లేదండి."

"ఎంతమందికి?"

"కొట్లో గుమాస్తాలతో కలిపి పదిమందికండి."

"ఈ అమ్మాయి ఎప్పుడు తింది?"

"అందరూ తిన్నాక, నాతోపాటేనండి."

"పప్పు మిగిలిందా?"

అత్తగారు నా వంక చూశారు. "లేదండి. చారన్నం, మజ్జిగన్నం తిన్నాను" అన్నాను నేనే. పైకి అన్నాక గాని ఆ సంగతి నాకు తట్టలేదు. రోజూ వండేది నేనే, అయినా పప్పన్నం తిన్న రోజు ఎంతకీ గుర్తు రాలేదు.

"మీ తిండి మార్చక్కర్లేదమ్మా, వడ్డించే వరస మార్చండి" అన్నారు డాక్టరమ్మగారు. "పప్పూ ఆకుకూరా ఈ అమ్మాయికి ముందు తీసి ఉంచండి. పైన నిమ్మకాయ పిండండి. పాలు తాగించండి. అన్నం తినగానే కాఫీ వద్దు. ఐరన్ మాత్రలు మాత్రం తప్పకూడదు, నెలకి మళ్ళీ నెత్తురు చూపించాలి. శాకాహారంతో బిడ్డని కనొచ్చు గాని, ఉత్త చారుతో కనలేం."

తిరుగు ప్రయాణానికి స్టేషనుకొచ్చాం. బయటి తిండి ముట్టని అత్తగారు, అక్కడి హోటల్లో నా కోసం పప్పూ కూరా క్యారేజీలో పట్టించారు. నిడదవోలులో మా బండి కదిలాక విప్పి, పప్పంతా నా ఆకులోనే వేశారు.

"మీరు?" అన్నాను.

"నాకేంటే, ఇంటికెళ్ళి మజ్జిగన్నం తింటాను. అలవాటేగా."

నేను తింటుంటే అత్తగారు దగ్గరికి జరిగారు. గొంతు తగ్గించి, "నలుగుర్ని కన్నాను, ఇద్దరే దక్కారు. నీ తలరాత అన్నారందరూ, నేనూ అదే అనుకున్నాను. ఏం తిన్నావని నన్నెవరూ అడగలేదే అమ్మాయ్" అన్నారు.

చేతిలో ముద్ద ఆకులో పెట్టేశాను. బయట వరిచేలు వెనక్కి పోతున్నాయి, ఏవీ కంటికి ఆనలేదు.

"అత్తయ్యగారూ, రేపట్నుంచి మీరూ నాతోపాటు ముందే కూర్చోవాలి" అన్నాను.

"ఊరు నవ్వుతుందే!"

"నవ్వనీండి."

పప్పన్నం ముద్ద కలిపి ఆవిడ చేతిలో పెట్టాను. హోటలు తిండి అని ఆవిడ అనలేదు. కళ్ళు తుడుచుకుని తిన్నారు.