ఊఁ ఏడింటికి వస్తుంది

ఆ రోజుల్లో మామూలు మనిషికి కెమెరాతో పని పెళ్ళిలోనే పడేది. అప్పుడైనా మాట్లాడాల్సిన అవసరం ఉండేది కాదు, తలవంచుకుని కూర్చుంటే ఎవరో ఒకరు గెడ్డం పట్టుకుని పైకెత్తేవారు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నిలబడి కూడా జనం ఫోన్లోకి చూసి ధారాళంగా మాట్లాడేస్తున్నారు. నాకు ఈర్ష్య లేదు, దానికీ ఓపిక కావాలి. కాకపోతే వాళ్ళని చూసినప్పుడల్లా బందరులో టైర్ల దుకాణం మీది గదిలో కూర్చుని, ఒక వాక్యం తర్వాత ఇంకో వాక్యం చెప్పడానికి నేను పడిన పాట్లు గుర్తొస్తాయి. ఈమధ్య మరీ ఎక్కువగా గుర్తొస్తున్నాయి. కారణం చివర్లో చెబుతాను.

అమ్మ పోయిన ఏడాది అది. నా డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు. నాన్న స్వతహాగానే తక్కువ మాట్లాడే మనిషి, అమ్మ పోయాక ఆ తక్కువ కూడా మానేశారు. అన్నం, కూర, మజ్జిగ అనే మాటలతో మా ఇద్దరికీ రోజు గడిచిపోయేది. అంతకుముందు ఇల్లు అలా ఉండేది కాదు. చిన్నప్పటినుంచీ నేను లైబ్రరీ పుస్తకాలు తెచ్చి వంటింటి గుమ్మంలో కూర్చుని అమ్మకి పైకి చదివి వినిపించేవాణ్ణి. ఆమె పప్పు కడుగుతూ, తిరగమోత వేస్తూ, మధ్యాహ్నం కునుకు తీస్తూ కూడా ఊఁ కొట్టేది. (ఒకసారి అనుమానం వచ్చి కథ మధ్యలో లెక్కల పాఠం కలిపి చదివాను. దానికీ ఊఁ అంది.) ఆమె విన్నదో లేదో నాకు తెలియదు. కానీ ఆ ఊఁ మీద కాలు పెట్టి తర్వాతి వాక్యంలోకి దాటేవాణ్ణని మాత్రం, అది ఆగిపోయాక తెలిసింది.

మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, ఆ టైర్ల దుకాణం మీది గదిలోంచి ఊళ్ళో కేబుల్ టీవీ నడిపేవాడు. సినిమాలతో పాటు సాయంత్రం ఏడింటికి స్థానిక వార్తలు కూడా వెయ్యాలని ఆయనకి బుద్ధి పుట్టింది. మధ్యాహ్నం క్యాసెట్ మీద రికార్డు చేసి, దాని కాపీ ఒకటి తెలిసిన కండక్టరు చేతికిచ్చి గుడివాడ బస్సులో పంపిస్తే అక్కడా అదే వేళకి వచ్చేస్తుంది. చదివే మనిషి కోసం వెతుకుతూ మా ఇంటికొచ్చాడు.

"ఇంట్లో ఆయనో గోడ, నువ్వో గోడ. రేపట్నించి వచ్చి వార్తలు చదువు."

"నాకు చేతకాదు మావయ్యా."

"పుస్తకాలు చదువుతావు కదరా. ఇదీ చదవడమే."

కెమెరా పట్టే అతనిది ముదినేపల్లి. నాకంటే కాస్త పెద్ద. కనబడ్డ ప్రతివాణ్ణీ బావా అని పిలిచేవాడు కాబట్టి అందరూ అతన్నీ బావ అనేవాళ్ళు. అప్పటిదాకా అతను తీసినవన్నీ పెళ్ళి వీడియోలే, అందువల్ల ప్రపంచమంతా అతనికి పెళ్ళిలాగే కనబడేది. మొదటి రోజు నా మొహానికి పౌడరు రాసి, కళ్ళు చెదిరే లైట్లు రెండు నా మీదికి తిప్పి, "కొంచెం కుడివైపు తిరుగు బావా. ఆవిడ పక్కనే ఉందనుకో" అన్నాడు.

"ఎవరు?"

"పెళ్ళికూతురు."

"వార్తల్లో పెళ్ళికూతురు ఎందుకుంటుంది?"

"అలవాటు. ఏమీ అనుకోకు."

(అలవాటు అంత తేలిగ్గా పోలేదు. కొన్నాళ్ళపాటు మా వార్తలు మొదలయ్యేముందు తెరమీద తామరపువ్వు విచ్చుకునేది, అందులోంచి నా మొహం వచ్చేది. కాలువలకి నీళ్ళు వదిలిన వార్త మీద గులాబీ రేకులు రాలేవి.)

చప్పుడు పడుతుందని ఫ్యాను ఆపేశారు. నేను కాయితం చూసి ఒక వాక్యం చదివాను. తలెత్తాను. ఎదురుగా గాజు కన్ను. గదిలో చప్పుడు లేదు. రెండో వాక్యం కాయితం మీద ఉంది, కళ్ళకి కనబడుతోంది, నోట్లోకి రావడంలేదు. మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ మొదటి వాక్యం దగ్గరే ఆగాను. ఆ మధ్యాహ్నమంతా అదే తంతు. చివరికి ముక్కలు ముక్కలుగా అతికించినదాన్ని మావయ్య వేసి చూశాడు. తప్పిపోయినవాళ్ళ ప్రకటనలో ఫోటోలా ఉన్నాను.

"వార్తలు చదువుతున్నావా, నేరం ఒప్పుకుంటున్నావా?" అన్నాడు. "ఈ వారం చూస్తా. కుదరకపోతే గుడివాడలో నాటకాలాడే అబ్బాయి ఒకడున్నాడు, వాణ్ణి పిలిపిస్తా."

పీడా వదిలిందనుకోవాలి నేను. కానీ ఆ గదిలోంచి బయటపడితే వెళ్ళాల్సింది మా ఇంటికే. అక్కడ అన్నం, కూర, మజ్జిగ. వారంలోగా రెండో వాక్యం రాకపోతే ఇక ఎప్పటికీ రాదేమో అని మొదటిసారి భయం వేసింది.

మర్నాడు బావ లైటు సర్దుతూ, "నిన్నంతా చూశాను. వాక్యం అవగానే తలెత్తి ఎదురుచూస్తున్నావు. ఎవరికోసం బావా?" అన్నాడు.

చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను. "మా అమ్మ ఊఁ కొట్టేది."

అందరూ అనే మాటలేవీ అతను అనలేదు. లైటు కొంచెం కిందికి దించాడు. "కానియ్. ఊఁ నేను కొడతా" అన్నాడు.

నేను చదివాను. అతను ఊఁ అన్నాడు. నేను ఇంకోటి చదివాను. ఆ రోజు వార్తలన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి. చొక్కా వీపుకి అతుక్కుపోయింది గానీ గొంతు మాత్రం ఎక్కడా ఆగలేదు.

మేమిద్దరం మర్చిపోయింది ఒకటే. పెళ్ళి వీడియోలో అసలు చప్పుడు ఎవరికీ అక్కర్లేదు. పురోహితుడి మంత్రాలు, చుట్టాల కేకలు, సన్నాయి మేళం అన్నీ తీసేసి సినిమా పాటలు వెయ్యడమే ఆ పని. కెమెరాకి కళ్ళతో పాటు చెవులు కూడా ఉంటాయన్న సంగతి బావకి ఎప్పుడూ అవసరం పడలేదు. క్యాసెట్ ఎవరూ వేసి చూడకుండానే తిన్నగా బస్సెక్కింది.

ఏడింటికి ఊరంతా విన్నది. దివిసీమలో చివరి పొలాలకు నీరందడం లేదని రైతులు వాపోయారు అని నేనన్నాను. "ఊఁ" అని జాలిగా ఒక గొంతు. మంగినపూడిలో వలల నిండా చేపలు పడ్డాయి అన్నాను. "ఊఁ?" అని ఆశ్చర్యం. నాయకుడుగారు వంతెన పనులు త్వరలోనే పూర్తిచేయిస్తామని హామీ ఇచ్చారు అన్నాను. దానికి బావ తీసిన ఊఁ చాలాసేపు సాగింది.

మర్నాడు పొద్దున్నే నాయకుడి మనిషి మెట్లెక్కి వచ్చాడు. "ఏంటండీ ఇది. మా అన్నగారు మాటిస్తే మీవాడు వెనకాల్నించి దీర్ఘం తీస్తాడా? నమ్మకం లేదనా?"

"అయ్యో, నమ్మకమేనండీ" అన్నాడు బావ. "కథ బాగుంది అన్నట్టుగా అన్నాను."

"కథేంటయ్యా. హామీ."

"హామీయేనండీ. అది కూడా బాగుందండీ."

మావయ్య ఆయనకి టీ తాగించి పంపించి, ఆ గదిలో ఇకమీదట ఎవరూ ఊఁ అనకూడదని శాసించాడు. అయితే ఊరి సంగతి వేరేగా ఉంది. బస్టాండు దగ్గర ఆటో అతను నన్ను ఆపి, "నిన్న ఊఁ లేదేంటండీ? ఆయనకి ఒంట్లో బాలేదా?" అని అడిగాడు. గుడివాడలో టీ కొట్టాయన ఒక అడుగు ముందుకేసి, "వార్తలు పర్లేదండీ, ఆ ఊఁ కొట్టేవాడు మాత్రం మంచి చదువుకున్నోడిలా ఉన్నాడు" అన్నాడు. (బావకి ఈ మాట చెబితే కొన్నిరోజులు ఇస్త్రీ చొక్కాలు వేసుకొచ్చాడు.) నాటకాలాడే అబ్బాయి మాట మావయ్య మళ్ళీ ఎత్తలేదు, ఆ ఆలోచన మానుకున్నాననీ అనలేదు.

గొంతుతో వద్దన్నారు కాబట్టి బావ తలతో కొట్టడం మొదలుపెట్టాడు. కన్ను కెమెరాకి ఆనించి తలూపితే కెమెరా కూడా ఊగుతుంది. తెరమీద నేను పడవలో కూర్చుని వార్తలు చదువుతున్నట్టుండేది. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు అది బాగా కుదిరింది గానీ మిగతా రోజుల్లో జనానికి కళ్ళు తిరిగాయట. అది మానేసి కెమెరా పక్కన నిలబడి కనుబొమలు ఎగరేసేవాడు. తర్వాత్తర్వాత అదీ తగ్గించేశాడు. ఊరికే నిలబడేవాడు, అతను నిలబడ్డాడన్న ధీమాతో నేను చదివేవాణ్ణి. తగ్గిస్తున్నాడని నాకు తెలుసు.

మాఘమాసం వచ్చింది. ముహూర్తాలు మొదలయ్యాయి.

"రేపట్నించి పెళ్ళిళ్ళు బావా. నేను రాను. మీ మావయ్యే కెమెరా దగ్గరుంటాడు."

"మరి నాకు?"

అతను వైరు చుట్టి పక్కన పెట్టాడు. "వినేవాళ్ళు ఇక్కడ లేరు గదా, ఇళ్ళల్లో ఉన్నారు. నువ్వు ఇప్పుడు చెప్తావు, వాళ్ళు సాయంత్రం వింటారు. ఊఁ ఏడింటికి వస్తుంది. కాస్త ఆలస్యం, అంతే. దానికి చోటు వదిలి చదువుకుంటూ పో."

మర్నాడు మావయ్య నోటినిండా కిళ్ళీ పెట్టుకుని కెమెరా వెనక నిలబడ్డాడు. ఊఁ అనడానికి కూడా ఆ నోట్లో ఖాళీ లేదు. పైగా మాటిమాటికీ గడియారం చూసుకుంటున్నాడు, బస్సు వెళ్ళిపోతుందని. నేను మొదటి వాక్యం చదివాను. తలెత్తాను. గాజు కన్ను అలాగే ఉంది. ఒక ఊఁ పట్టేంత చోటు వదిలాను. రెండో వాక్యం చదివాను. అలా చివరిదాకా వెళ్ళిపోయాను. మావయ్య కిటికీలోంచి ఉమ్మేసొచ్చి, "పర్లేదు" అన్నాడు. ఆయన దగ్గర అది పెద్ద మాటే.

మామూలుగా వార్తలు వచ్చేటప్పుడు నేను ఆ గదిలోనే ఉండేవాణ్ణి. ఆ రోజు మాత్రం బాగా అలిసిపోయి, నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాను. దారిలో ఏడయింది. కిటికీల్లోంచి నా గొంతే వినబడుతోంది. ఒక ఇంట్లో మొదలైన వాక్యం పక్కింట్లో పూర్తవుతోంది. మా ఇంటి గుమ్మం దగ్గరికొచ్చేసరికి లోపల టీవీ వెలుగు. నాన్న వార్తలు చూస్తారని నాకు తెలియదు. పడకకుర్చీలో ముందుకి వంగి కూర్చుని ఉన్నారు. తెరమీద నేను వాక్యం పూర్తిచేసి తలెత్తాను.

"ఊఁ" అన్నారు నాన్న.

తర్వాతి వాక్యానికీ అన్నారు. నేను చెప్పులు విడిచి లోపలికి అడుగుపెట్టాను. చప్పుడుకి ఇటు తిరిగి, "వచ్చావా" అన్నారు. నేనేదో అనబోయాను. చెయ్యెత్తి ఆపి, "ఉండు. వాణ్ణి చెప్పనీ" అని మళ్ళీ టీవీ వైపు తిరిగారు.

నేను ఉన్నాను. ఇద్దరం వాడు చెప్పింది చివరిదాకా విన్నాం. ఆ పూట అన్నం దగ్గర నాన్న, చివరి పొలాలకి ఇంకా నీళ్ళు రాలేదా అని అడిగారు. రాలేదని చెప్పాను. అలా మొదలైంది.

నాన్నా పోయారు, చాన్నాళ్ళయింది. ఆ కేబుల్ కూడా లేదు. మొన్న బావ పోయాడని కబురొస్తే ముదినేపల్లి వెళ్ళాను. పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక బావ కూతురు ఫోను పట్టుకుని వచ్చింది. "మావయ్యా, నాన్న గురించి రెండు మాటలు చెప్పండి. అందరివీ కలిపి దాచుకుంటాం. మీరు మాట్లాడుతున్నంతసేపూ నేను అస్సలు చప్పుడు చెయ్యను" అంది.

మీ నాన్నయితే చేసేవాడమ్మా అనుకున్నాను. కుర్చీలో సర్దుకుని, ఫోన్లోకి చూసి చెప్పాను. తడబడలేదు. ఇన్నేళ్ళలో ఆ మాత్రం వచ్చింది. అయిపోయాక ఆ పిల్ల వేసి చూసుకుంటూ మొహం చిట్లించింది.

"వెనకాల ఎవరో ఊఁ అంటున్నారు మావయ్యా."

ఇలా తెమ్మని విన్నాను. నిజమే. ప్రతి వాక్యం తర్వాతా, పెదవులు కదలకుండా, చిన్నగా ఒక ఊఁ. గొంతు గుర్తుపట్టడానికి కొంచెం టైము పట్టింది. అది నాదే.

"అది తీసేసి పాట పెట్టమంటారా?"

"వద్దమ్మా. ఉంచు."

ఇంకోసారి వెయ్యమన్నాను. తెరమీద ఆ నెరిసిన జుట్టాయన తనే చెప్పుకుంటున్నాడు, తనే ఊఁ కొట్టుకుంటున్నాడు. చూస్తుంటే కాస్త నవ్వొచ్చింది. గోడ మీద గడియారం చూశాను. ఇంకా ఏడు కాలేదు.