తేదీ వేయని ఉత్తరం

మాస్టారి పుస్తకంలో నేను చేసిన మొదటి ఘనకార్యం ‘సుమారు’ అనే మాటని ఎక్కడ కనిపిస్తే అక్కడ ఎత్తేయడం. తొంభైల చివర్లో, బెజవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో మేడమీది గదిలో ఉండే ఒక డీటీపీ సెంటర్లో పనిచేసేదాన్ని. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కరెంటు పోతే విసురుకోవడానికి పాత క్యాలెండర్ అట్ట. శుభలేఖలు, స్కూలు ప్రశ్నపత్రాలు, కరపత్రాలు కొట్టేదాన్ని. చేతివేగం బాగానే ఉండేది. ఓపిక మాత్రం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు.

ఒకరోజు ఒక పెద్దాయన చేతిరాత కాగితాల బొత్తి పట్టుకుని ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చారు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు, క్రైస్తవులు. అందరూ మాస్టారు అనేవాళ్ళు, నేనూ అలాగే పిలిచాను. బైబిల్లో క్రీస్తు కథ చెప్పే నాలుగు సువార్తల్లోకీ చిన్నదాన్ని అసలు ఎప్పుడు రాసి ఉంటారు అన్నదే ఆ పుస్తకం. వాళ్ళ చర్చిలో ఆదివారాలు పెద్దవాళ్ళకి చెప్పిన పాఠాలట అవి. చెబుతుంటే సగంమంది మొహం ముడుచుకున్నారనీ, దేవుడి మాటకి తేదీలేమిటని నిలదీశారనీ నవ్వుతూ చెప్పారు. ఆయనకి కోపం వచ్చినట్టు నేనెప్పుడూ చూడలేదు. నా కోపమే ఇద్దరికీ సరిపోయేది.

పేజీకి ఏడెనిమిది ‘సుమారు’లు. సుమారు ఫలానా ఏడు, సుమారు ఫలానా కాలం. లైను నిండిపోయి పక్క పేజీలోకి జారుతుంటే నాకు చిర్రెత్తుకొచ్చింది. ఒక్క దెబ్బకి అన్నీ తీసేశాను. పేజీలు చక్కగా కుదిరాయి. ప్రూఫు చూసుకున్న మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మాయ్, ఈ పుస్తకం మొత్తంలో నాకు గట్టిగా తెలిసిన మాట అదొక్కటే. అదే తీసేశావు” అన్నారు.

సిగ్గేసింది. కానీ ఊరుకునే రకాన్ని కాదు కదా, ఎదురు అడిగేశాను. ఒక తేదీ తేల్చడానికి నూటపాతిక పేజీలు ఎందుకండీ, పైన తేదీ వేసుకుని ఉండరా అని. అలా అడిగినందుకు ఈ రోజుకీ నన్ను నేను మెచ్చుకుంటాను. ఎందుకంటే ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు.

రాసినవాడి చేతి కాగితం ఇప్పుడు లేదట. ఉన్నవన్నీ నకళ్ళకి నకళ్ళు. అందుకని అటో గోడ, ఇటో గోడ కట్టుకుంటూ రావాలట. ఇంకెవరో ఫలానా కాలంలో ఇందులోని మాటలు వాడుకున్నారంటే, ఇది అంతకు ముందే ఉందన్నమాట. అది ఒక గోడ. ఇందులో రాసినవాడికి ఏ సంగతి తెలుసో చూస్తే, ఆ సంగతి జరిగాకే రాశాడన్నమాట. అది రెండో గోడ. ఆ మధ్యలో ఎక్కడో అతను కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. క్రీస్తుని శిలువ వేసిన సుమారు నలభై ఏళ్ళకి రోమా సైన్యం యెరూషలేము దేవాలయాన్ని నేలమట్టం చేసింది. ఈ సువార్తలో ఆ గుడి కూలుతుందన్న మాట ఉంది గానీ, కూలిందన్న మాట లేదు. కాబట్టి కూలకముందే రాశాడని కొందరు, కూలాకే రాశాడని కొందరు. మాస్టారు మాత్రం, చెప్పలేదు కాబట్టి జరగలేదనడం కుదరదమ్మా, మనిషి తన మనసులో పెద్దగా ఉన్న సంగతినే ఒక్కోసారి కాగితం మీద పెట్టడు అన్నారు.

ఆ మాట దగ్గర నా చేతులు కీబోర్డు మీద ఆగిపోయాయి. మా ఇంట్లో ఒక ఉత్తరం ఉంది.

అది మా నాన్న రాసింది. మా అమ్మది కొల్లేటి లంక. నాన్న ఆ ఇంటికి ఇల్లరికం వచ్చాడు. నేను పుట్టిన ఏడాది ఆషాఢంలో, అంటే నాకు మూడో నెలలో, నాన్న దివిసీమ వెళ్ళి కృష్ణ సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒక జట్టుతో కలిసి చేపల వేటకి కుదిరాడు. శ్రావణంలో ఇంటికొచ్చాడు. అలసి రెండు రోజులు పడుకున్నాడు. మామయ్యలు సణిగారు. వాళ్ళ ముందు తల ఎత్తుకోలేక అమ్మ నోరు జారింది. మా అన్నల కూడు తిని పడుకోవడానికి సిగ్గు లేదా అంది. మర్నాడు పొద్దున్నే నాన్న సంచి తీసుకుని మళ్ళీ మొగకి వెళ్ళిపోయాడు. తర్వాత కబురు లేదు. కార్తీకంలో ఉప్పెన వచ్చింది. డెబ్బై ఏడు ఉప్పెన అంటే మా వైపు ఇంకేమీ చెప్పనక్కర్లేదు.

ఆ తర్వాత కొన్ని నెలలకి పామర్రు నుంచి ఒకతను సైకిలు మీద వచ్చాడు. మొగ నుంచి రొయ్యల బుట్టలు సంతకి మోసేవాడట. నాన్న పోస్టులో వెయ్యమని ఇచ్చిన ఇన్‌లాండ్ కవరు అతని దగ్గర ఉండిపోయింది. ఎప్పుడు ఇచ్చాడో గుర్తులేదని కన్నీళ్ళు పెట్టుకుని, అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. ఉత్తరం మీద తేదీ లేదు, ముద్ర లేదు. ఉన్నది అయిదు ముక్కలు. ‘ఇక్కడ అందరం క్షేమం. నాలుగు రోజులుగా రొయ్య బాగా పడుతోంది. పున్నమి పోటు అయ్యాక వస్తాను. పాపని నీళ్ళ దగ్గరికి పోనియ్యకు. ఉలవచారు కాచి ఉంచు.’

అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. తనే చదువుకుంది, తనే తేల్చేసింది. గొడవ ఊసు లేదు కాబట్టి ఇది గొడవకి ముందుది. రొయ్య పడుతోందన్నాడు కాబట్టి ఆషాఢంలోది, ఎందుకంటే కొల్లేటికి వరదనీరు ఎక్కినప్పుడే రొయ్య. అంటే ఆయన మొదటిసారి వెళ్ళినప్పుడు రాశాడు, శ్రావణంలో వచ్చాడు, తన చేత ఆ మాట పడ్డాడు, ఆ కోపంతోనే పోయాడు. ఇంతే అమ్మ లెక్క. నన్ను తీసుకుని బెజవాడ వచ్చి ఆడపిల్లల హాస్టల్లో వంటమనిషిగా చేరింది. హాస్టల్లో అన్ని వంటలూ చేసేది, ఇంట్లో అన్నీ చేసేది. ఉలవచారు ఒక్కటే చేసేది కాదు. కృష్ణా జిల్లాలో ఉండి ఉలవచారు లేని ఇల్లు మాదొక్కటే. చిన్నప్పుడు అడిగితే, నాకు రాదు, వదిలెయ్ అనేది.

ఇదంతా మాస్టారికి చెప్పాలని నేను అనుకోలేదు. నోరు ఆగలేదు, చెప్పేశాను. ఆయన ఉత్తరం చూపించమనలేదు. అందులో మాటలు ఒక్కటి కూడా తప్పకుండా చెప్పమన్నారు. నాకు కంఠతా వచ్చు, చెప్పాను. రెండుసార్లు చెప్పించుకున్నారు. తర్వాత చాలా మామూలుగా అడిగారు.

“ఆషాఢంలో నీకు మూడో నెల అన్నావు కదమ్మా. మూడు నెలల పిల్ల నీళ్ళ దగ్గరికి ఎలా పోతుంది?”

ఇరవై ఏళ్ళు ఆ కవరు మా ట్రంకుపెట్టెలో ఉంది. నేను, అమ్మ వందసార్లు చదివి ఉంటాం. మాకు తట్టలేదు. ఆ ఏడు వచ్చిన అధికమాసం కలుపుకుని కార్తీకానికి నాకు ఎనిమిదో నెల. పాకే వయసు. దూరాన ఉన్న మనిషి నా నెలలు లెక్కపెట్టుకుంటూ ఉన్నాడన్నమాట. నాకు ఏడుపొచ్చింది. కస్టమర్ల ముందే ఏడ్చేశాను, ఏం చేయను.

మాస్టారు మాత్రం తొందరపడలేదు. పసిపిల్ల ఉన్న ఇంటికి ఎవరైనా ముందుజాగ్రత్తకి అలా రాయొచ్చు, ఒక్క సాక్ష్యం చాలదు అన్నారు. తన పుస్తకంలో ఒక పేజీ తీసి చూపించారు. ఆ సువార్త రాసినవాడు యూదులు భోజనానికి ముందు చేతులు ఎలా కడుక్కుంటారో విడమరిచి చెప్పాడట. తోటి యూదులకైతే ఆ సంగతి చెప్పనక్కర్లేదు. కాబట్టి పరాయిచోట, ఆ ఆచారం తెలియనివాళ్ళ కోసం రాశాడని పండితులు అనుకుంటారట. ఎప్పుడు అన్నది తేలాలంటే ముందు ఎక్కడ అన్నది చూడాలి, చదివేవాళ్ళ ఊరి నుంచి కాదు, రాసినవాడి ఊరి నుంచి చూడాలి అన్నారు. మీ అమ్మగారు కొల్లేటి రొయ్యని చూసి తేదీ వేశారు, ఉత్తరం రాసింది కొల్లేటి నుంచి కాదు కదా అని అడిగారు. వెళ్ళి కనుక్కోమన్నారు.

అమ్మకి చెప్పకుండా ఒక ఆదివారం బస్సెక్కాను. కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు దాటి అవనిగడ్డలో దిగి, అక్కడి నుంచి ఆటోలో పడవల రేవుకి వెళ్ళాను. దారిపొడుగునా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను. తేలకపోతే ఏం, ఇన్నాళ్ళూ బతకలేదా అని. కాదని తేలితే, ఉన్న కాస్త ఆశా నేనే పోగొట్టుకున్నట్టవుతుందని భయం.

రేవులో చేపలు ఎండబెడుతున్న ఒక ముసలావిడ పక్కన కూర్చున్నాను. ఎవరి తాలూకు అని అడిగింది, చెప్పాను. ఆవిడకి నాన్న తెలియదు. ఉప్పెనలో ఆవిడవాళ్ళే ఇంటెడుమంది పోయారు. కాసేపు ఆవిడతో పాటు చేపలు తిరగేశాను. తర్వాత అడిగాను, ఇక్కడ ఆషాఢంలో రొయ్య బాగా పడుతుందా అమ్మమ్మా అని. ఆవిడ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది.

“ఆసాడంలో రొయ్యెక్కడిదే తల్లీ. ఏరు ఎర్రగా దిగుతున్నన్నాళ్ళూ మొగలో వల వేస్తే మట్టే వచ్చుద్ది. నీళ్ళు తేరాలి, చలిగాలి తిరగాలి. దీపావళి దాటినాక చూడు, అప్పుడు పడుద్ది రొయ్య.”

ఇంకో ఇద్దరిని అడిగాను. మాస్టారి శిష్యురాలిని కదా, ఒక్క సాక్ష్యంతో ఊరుకుంటానా. పడవ దగ్గర వల కుట్టుకుంటున్న పెద్దాయన అదే చెప్పాడు. ఐసు అమ్మే అతనూ అదే చెప్పాడు.

సోమవారం మాస్టారు వచ్చినప్పుడు చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, ఈసారి కాస్త ఎక్కువసేపే. ఇటు గోడ దీపావళి, అటు గోడ ఉప్పెన, మధ్యలో పది రోజులు కూడా లేవేమో, నా సువార్తకి ఇంత దగ్గరి లెక్క దొరికితే నేను ఎగిరి గంతేసేవాణ్ణి అన్నారు. ఇంటికెళ్ళి అమ్మగారికి తెలిసినంతే చెప్పు, తెలియనిది కలపకు అని కూడా అన్నారు. కొన్నేళ్ళ తర్వాత ఆయన పోయారు. పుస్తకం మొదటి పేజీలో అక్షరాలు కూర్చిన అమ్మాయికి కృతజ్ఞతలు అని వేయించారు. దాన్ని టైపు చేసింది నేనే. కృతజ్ఞత చెప్పాల్సింది ఎవరో ఆయనకి తెలియనట్టు.

ఆ సోమవారం సాయంత్రమే, అమ్మ హాస్టలు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చున్నాక, ఉత్తరం తీసి ముందు పెట్టాను. రేవుకి వెళ్ళానని చెప్పాను. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మొగలో రొయ్య ఎప్పుడు పడుతుందో చెప్పాను. పిల్ల పాకే వయసు సంగతి చెప్పాను. ఆ పున్నమి కార్తీక పున్నమి అయి ఉండాలని, దానికి కొద్దిరోజుల ముందే ఉప్పెన వచ్చిందని చెప్పాను. అమ్మ కవరుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నిజంగానా?” అంది చివరికి.

నోటిదాకా వచ్చింది, అవునమ్మా, ఫలానా రోజు అని ఏదో ఒకటి చెప్పేద్దామని. చెప్పలేకపోయాను.

“రోజు చెప్పలేనమ్మా. సుమారుగా తెలుసు. గొడవ అయ్యాకే రాశాడు, అది మాత్రం ఖాయం.”

మళ్ళీ చదవమంది. చదివాను. అవే అయిదు ముక్కలు. ఆఖరిది చదువుతుంటే అమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. అప్పటిదాకా నాకూ వెలగలేదు. తిండి గురించి అంత మాట పడ్డ మనిషి, తిరిగి ఆ ఇంటికే వస్తాననీ, ఆవిడ చేతి వంటే కావాలనీ రాశాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. నేను పక్కన కూర్చున్నాను, అంతే.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి ఇల్లంతా ఉడుకుతున్న ఉలవల వాసన. అమ్మ హాస్టలుకి సెలవు పెట్టింది. మధ్యాహ్నానికి చారు చిక్కబడింది. మాస్టారికని ఒక క్యారియర్ గిన్నె నింపి పక్కన పెట్టింది. ఏంటమ్మా, రాదన్నావుగా అని వేళాకోళం చేశాను, ఏదో ఒకటి అనకపోతే నేనూ ఏడ్చేలా ఉన్నాను. అమ్మ గరిటెతో కొంచెం నా అరచేతిలో పోసింది.

“ఉప్పు చూసి చెప్పు. మీ నాన్న అడిగి ఇన్నేళ్ళయింది, ఇంకా ఆలస్యం చేస్తే బాగోదు.”