అర్జీలో ఒక వాక్యం

మా ఊళ్ళో అర్జీలు రాసేది నేనే. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరై తొమ్మిదేళ్ళయింది. పాఠాలు మరిచిపోయాను గాని అర్జీలు నన్ను వదల్లేదు. రాజోలు వెళ్ళే కాలవగట్టు రోడ్డు మీద మాది చిన్న ఊరు. కరెంటు స్తంభం ఒరిగినా, డ్రెయిను పూడినా, పింఛను ఆగినా, మా గుమ్మంలో చెప్పులు విడిచి కాస్త రాసిపెట్టండి అంటూ వస్తారు. మోకాళ్ళ నొప్పులని, కళ్ళు మసకలని చెప్పి చూశాను. టైపు చేయించుకోమని కసిరాను కూడా. మీ దస్తూరీ చూస్తే ఆఫీసర్లు మర్యాద ఇస్తారండి అని మునగచెట్టు ఎక్కిస్తారు. ఎక్కుతాను.

అర్జీ రాయడానికో పద్ధతుంది. ఉన్నది ఉన్నట్టు రాస్తే కాగితం కదలదు. స్తంభం వంగిందని రాస్తే ఎవరూ రారు. "ఏ క్షణాన కూలి ప్రాణనష్టం వాటిల్లుతుందోనని ప్రజలు భయభ్రాంతులకు లోనవుతున్నారు" అని రాస్తే ఆ వారంలోనే లైన్‌మన్ వస్తాడు. ఇందులో సగం తీసేసి చదువుకోవాలని రాసేవాళ్ళకీ తెలుసు, చదివేవాళ్ళకీ తెలుసు. ముప్ఫై ఏళ్ళు పిల్లల వ్యాసాల్లో గొప్పలన్నీ ఎర్రసిరాతో కొట్టేసినదాన్ని, అర్జీల్లో మాత్రం నేనే కూర్చి పెట్టేదాన్ని. దానివల్ల ఎవరికీ చెడు జరగలేదు, బస్సు షెల్టరు అర్జీ దాకా.

ఆ షెల్టరు ఊరి మొదట్లో, స్కూలుకి ఎదురుగా ఉంటుంది. బస్సులు రోజుకి రెండే. ఓ వానాకాలం అందులోకి ఒకావిడ వచ్చి చేరింది. నలభై దాటి ఉంటాయి. ఎక్కణ్ణుంచి వచ్చిందంటే చెప్పదు. అప్పనపల్లి గుడికి వచ్చినవాళ్ళు వదిలేసి పోయారని ఒకరు, పి.గన్నవరం అక్విడెక్టు వంతెన దగ్గర తిరుగుతుంటే చూశామని ఇంకొకరు అన్నారు. తెల్లారేసరికి ఈనెల చీపురుతో షెల్టరు ఊడ్చి, ముందున్న రోడ్డు కూడా ఊడ్చేది. టిఫిన్ బండి నడిపే ఆవిడ రోజూ నాలుగు ఇడ్లీలు పెట్టేది. నెలలో ఇరవై రోజులు ఆమె అక్కడ ఉన్నట్టే తెలిసేది కాదు.

మిగతా పది రోజులు తెలిసేది. కనపడని వాళ్ళెవరితోనో మధ్యాహ్నం దాకా గొడవపడేది. తిట్టినా గోదావరి తిట్టే. "మీకు సిగ్గు లేదాండీ, మీరు మనుషులేనాండీ" అని కొబ్బరిచెట్టుని నిలదీసేది. స్కూలు పిల్లలు నవ్వేవారు. ఆమె వాళ్ళ జోలికి పోయేది కాదు. వాన పడితే వాళ్ళని షెల్టరులోకి రమ్మని తను బయట తడుస్తూ నిలబడేది. అది నేను నా కళ్ళతో చూశాను, ఒకసారి కాదు.

ఒకరోజు ఆమె విసిరిన కొబ్బరి డొక్క తగిలి ఆటో అద్దం పగిలింది. దాంతో ఊరు రెండయింది. పంచాయతీ ఆఫీసులో, చర్చి మెట్ల మీద, వాట్సాప్ గ్రూపులో అదే మాట. పంపించెయ్యాలన్నవాళ్ళ మాటలో న్యాయం లేకపోలేదు. ఒంటరి ఆడమనిషి, తలుపు లేని చోట పడుకుంటోంది, రేపేమైనా జరిగితే ఎవరు పూచీ అన్నారు. ఉండనివ్వాలన్నవాళ్ళు, ఇష్టం లేని మనిషిని ఎత్తుకుపోయి గదిలో పెట్టి తాళం వెయ్యడం వైద్యమా అన్నారు. అదీ నిజమే. మా ఇంట్లో పెట్టుకుంటానన్నవాళ్ళు మాత్రం ఏ పక్షంలోనూ లేరు. వినీ వినీ నాకు విసుగొచ్చింది. టిఫిన్ బండి ఆవిడ ఒక్కతే పనికొచ్చే మాట అంది. "మందు పడితే మంచి మనిషేనండి. ఏసేవోళ్ళే లేరు."

పంచాయతీ ప్రెసిడెంటు గారు మా ఇంటికొచ్చి, ఊరందరి తరఫునా ఒక అర్జీ రాయమన్నారు. ఈసారి ఉన్నది ఉన్నట్టే రాశాను. ఆమెకు వసతి కావాలి, క్రమంగా మందులిచ్చే మనిషి కావాలి, అంతే. రెండు నెలలు గడిచాయి. ఆశ్రమాలకి ఫోన్లు చేస్తే మతిస్థిమితం లేనివాళ్ళని తీసుకోలేమన్నారు. ఆసుపత్రిలో చేర్చాలంటే ఆర్డరు కావాలన్నారు. ఒక సోమవారం ఆటోలో, బస్సులో పడి అమలాపురం వెళ్ళాను. నా కాగితం ఒక ఆఫీసులో అడుగున పడి ఉంది. అక్కడి గుమస్తా మర్యాదస్తుడే. కుర్చీ వేశాడు, మంచినీళ్ళిచ్చాడు, అర్జీ అంతా చదివాడు. "చాలా బాగా రాసేరండి మేడమ్ గారూ. కానీ ఇందులో అర్జెంటేముందండి?" అన్నాడు.

ఇంటికొచ్చి, మోకాళ్ళకి ఆయింటుమెంటు రాసుకుని, నాకు చేతనైన పద్ధతిలో మళ్ళీ రాశాను. "సదరు మహిళ రాళ్ళు రువ్వుతూ, పసిపిల్లలపై దాడులకు పాల్పడుతున్నందున తల్లిదండ్రులు బిడ్డలను బడికి పంపుటకు భయపడుచున్నారు." స్తంభం గురించి రాసినట్టే రాశాను. ఆమెకి తల మీద ఒక కప్పు, రెండు పూటలా మందు దొరకాలని రాశాను. ఇది అబద్ధం చెప్పి తప్పించుకోవడం కాదు, అప్పుడు నా మనసులో ఉన్నదదే.

సంతకాలకి వారం పట్టలేదు. మా ఊళ్ళో నా అర్జీని చదివి సంతకం పెట్టే అలవాటు ఎవరికీ లేదు. చదివితే నన్ను అనుమానించినట్టవుతుందని వాళ్ళ మర్యాద. టిఫిన్ బండి ఆవిడ కూడా పిండి చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేసింది.

అర్జీ ఇచ్చిన నాలుగోరోజు, స్కూలు గంట కొట్టాక, జీపు వచ్చింది. ఎస్సై గారు, ఇద్దరు ఆడ కానిస్టేబుళ్ళు దిగారు. అది ఆమెకి బాగున్న రోజు. ఎక్కడికండీ అని అడిగింది. ఎస్సై గారు పద్ధతి గల మనిషి, చెప్పకుండా తీసుకుపోకూడదని కాబోలు, అర్జీ తీసి అందరి ముందూ పైకి చదివారు. పసిపిల్లల మాట దగ్గరికి వచ్చేసరికి ఆమె చీపురు గోడకి ఆనించింది. చుట్టూ చూసింది. అంతమందిలో నన్ను చూసి అడిగింది.

"నేనెప్పుడు కొట్టేనండీ?"

ఆ కాగితం నాది కాదన్నట్టు నేల చూపులు చూశాను. ఆమె పెనుగులాడలేదు, అరవలేదు. మూట కట్టుకుని జీపెక్కింది. కోర్టు ఆర్డరు అయిందని, దూరాన ఉన్న మానసిక ఆసుపత్రిలో చేర్చారని రెండ్రోజుల తర్వాత తెలిసింది. మంచిపని చేశారని చాలామంది మా ఇంటికొచ్చి చెప్పి వెళ్ళారు. వాళ్ళకి టీ పెట్టి ఇచ్చాను.

ఎనిమిది నెలల తర్వాత ఆసుపత్రి నుంచి పంచాయతీకి ఫోనొచ్చింది. ఆమెకి నయమైంది, పంపించొచ్చు, ఎవరైనా వచ్చి తీసుకెళ్ళండి అని. సొంత ఊరేదో తెలియదట. ఊరేదని అడిగితే మా ఊరి పేరు చెప్పిందట. ప్రెసిడెంటు గారు కుదరదన్నారు. నాకు కాలు నిలవక, బయల్దేరి వెళ్ళాను. ఒక రోజు ప్రయాణం.

అక్కడి డాక్టరమ్మ చిన్నపిల్ల, ఓపికగా మాట్లాడింది. ఆడవాళ్ళని ఉంచే రెండు ఆశ్రమాలకి రాసిందట, రెండూ వద్దన్నాయట. ఎందుకని అడిగాను. ఫైలు నా వైపు తిప్పింది. మొదటి కాగితం నా అర్జీ. గుండ్రటి నా దస్తూరీలో, "పసిపిల్లలపై దాడులకు పాల్పడుతున్నందున" అన్న చోట ఎవరో కింద గీత గీశారు. అక్కడ సగం తీసేసి చదువుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఆమెని పిలిపించారు. తల దువ్వుకుని, శుభ్రంగా ఉంది. వంటగదిలో బియ్యం బాగుచేస్తోందట. నన్ను చూసి నిలబడి దణ్ణం పెట్టింది. షెల్టరు ఎవరు ఊడుస్తున్నారని అడిగింది. ఎవరూ ఊడ్వడం లేదన్నాను. ఆమె మెల్లగా అంది. "ఇంకో అర్జీ రాయాలండి మీరు. నేను పిల్లల్ని కొట్టలేదని రాయండి. మీరు రాస్తే నమ్ముతారండి."

ఆయ్, రాస్తానన్నాను.

రాశాను. నాలుగు వాక్యాలు, నా జీవితంలో అంత పొట్టి అర్జీ రాయలేదు. సంతకాలకి నేనే గుమ్మం గుమ్మం ఎక్కాను. ఈసారి అందరూ చదివారు. కళ్ళజోళ్ళు తెప్పించుకుని మరీ చదివారు. అప్పుడు అలా పెట్టి, ఇప్పుడు ఇలా ఎలా పెడతామండీ అన్నారు. కోర్టుతో వ్యవహారం కదండీ అన్నారు. కాఫీ తాగి వెళ్ళండి అన్నారు. టిఫిన్ బండి ఆవిడ చదివి, ఏడ్చి, సంతకం పెట్టింది. ఆమెది, నాది, రెండే.

కాగితం పంపాక డాక్టరమ్మ ఫోన్ చేసింది. ఇది చాలదండీ, ఒక చిరునామా కావాలి, మీ ఇంట్లో కొన్నాళ్ళు ఉంచుకోగలరా అని అడిగింది. మా పెరటి వైపు గది ఉంది. ఫ్యానుంది, లోపల గడియ ఉన్న తలుపుంది. నేను ఒంటరిదాన్ని, ఇంట్లో ఇంకో మనిషి ఉంటే నాకే మేలు. ఆలోచించి చెప్తానమ్మా అన్నాను.

నాకు ఏం అడ్డొచ్చిందో ఫోన్ పెట్టేశాక గాని తెలియలేదు. మా చెల్లెలి మనవరాలికి నాలుగేళ్ళు. ఆదివారాలు వచ్చి ఆ పెరట్లోనే ఆడుకుంటుంది. పసిపిల్ల తిరిగే ఇల్లు కదా అనుకున్నాను. ఆమె వానలో నిలబడి పిల్లల్ని లోపలికి పిలవడం చూసినదాన్ని. ఆ వాక్యం ఇదే చేత్తో, ఇదే బల్ల మీద కల్పించినదాన్ని. అయినా దాన్ని అందరికన్నా ఎక్కువ నమ్మింది నేనే.

ఇది జరిగి మూడు నెలలైంది. డాక్టరమ్మకి నేనింకా ఫోన్ చెయ్యలేదు.