బయట తాళం, లోపల చప్పుడు

దయ్యాల మీద నాకు ఎన్నడూ నమ్మకం లేదు. పత్రికలో ఉన్నన్నాళ్ళూ అలాంటి వార్త వస్తే కొట్టేసేవాడిని. ఇప్పుడు నేనే ఒకటి రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతకుమించి ఏమీ కలపను.

2022 ఎండాకాలం. షార్జాలో రోలా అనే పేటలో ఒక పాత భవనంలో ఉంటున్నాను. అమెరికాలో జరిగిన పెద్ద ప్రమాదాల గురించి పిల్లల కోసం ఒక పుస్తకం రాస్తున్నాను. ఆ మధ్యాహ్నం న్యూయార్క్ బట్టల ఫ్యాక్టరీ అధ్యాయం దగ్గర ఉన్నాను.

వందేళ్ళ కిందటి మాట అది. పొట్టకూటికి పరదేశం నుంచి వచ్చిన అమ్మాయిలు పై అంతస్తుల్లో జాకెట్లు కుట్టేవారు. వాళ్ళు బట్ట దొంగిలిస్తారేమోనని యజమానులు ఒక తలుపుకు తాళం వేయించేవారు. మంటలు లేచిన రోజు ఆ తలుపు తెరుచుకోలేదు. నూట నలభై ఆరు మంది పోయారు. వాళ్ళలో చాలామంది ఇంకా ఇరవై కూడా నిండనివాళ్ళు. పిల్లలకు ఇది ఎంతవరకు చెప్పాలో తేలక ఆగిపోయాను.

అప్పుడే వరండాలోంచి తలుపు బాదుతున్న చప్పుడు వినిపించింది. వేళ్ళతో తట్టడం కాదు, అరచేతులతో కొట్టడం. చాలా చేతులు. గొంతులు మాత్రం లేవు.

రాస్తున్న దాని ప్రభావమే అనుకున్నాను. చప్పుడు ఆగలేదు. బయటికి వెళ్ళి చూశాను. ఎదురు ఫ్లాటులోంచే వస్తోంది. ఆ తలుపుకు బయట తాళం వేసి ఉంది. పొగ లేదు, వాసన లేదు.

అక్కడ జగిత్యాల వైపు కుర్రాళ్ళు ఉంటారు. పెద్దవాడు శైలు, పక్క వీధి బట్టల కొట్లో పని. ఫోన్ చేసి లోపల ఎవరైనా ఉన్నారా అని అడిగాను.

"రాజేశం పండుకున్నడు సార్. దుబాయి జెబెల్ అలీల నైట్ డ్యూటీ కదా. అద్దెకు బెడ్‌స్పేస్ చూస్తమని ఎవలో ఒకలొచ్చి తలుపు కొడ్తరు, లేపితే మమ్మల్నే తిడ్తడు. అందుకే బయట తాళమేస్తం."

ఇక్కడి గదుల్లో అది మామూలే. పడుకున్నవాడి మేలు కోరే వేస్తారు. వెంటనే రమ్మన్నాను.

ఈలోగా భవనం కాపలా చూసే బంగ్లాదేశీ పైకి వచ్చాడు. నేనేం రాస్తున్నానో అతనికి తెలియదు. తలుపుకు చెవి ఆనించి, వెంటనే వెనక్కి జరిగాడు. "అందర్ బహుత్ లోగ్ హై, సాబ్," అన్నాడు. లోపల చాలామంది ఉన్నారట.

శైలు పరుగెత్తుకుంటూ వచ్చి తాళంచెవి తిప్పాడు. చప్పుడు ఆగిపోయింది.

తలుపు వెనక ఎవరూ లేరు. హాల్లోనూ ఎవరూ లేరు. వెనక గది తలుపు తీస్తే నల్లటి పొగ. మంచం పక్క ఎక్స్‌టెన్షన్ బోర్డు కరిగి పరుపు రాజుకుంటోంది. రాజేశం దుప్పటి కప్పుకుని స్పృహ లేకుండా పడి ఉన్నాడు. ముగ్గురం కలిసి వరండాలోకి లాక్కొచ్చాం. కాపలా అతను కరెంటు మెయిన్ ఆపేసి నీళ్ళు పోశాడు.

కాసేపు ఆలస్యమైతే దక్కేవాడు కాదని ఆసుపత్రిలో అన్నారు. అతను లేచి తలుపు దాకా వచ్చి ఉండవచ్చా అని అడిగాను. ఆ స్థితిలో వేలు కూడా కదపలేడన్నారు. పైపుల చప్పుడేమో, కింది అంతస్తులో మరమ్మతులేమో అని రెండూ వాకబు చేశాను. కాదు.

ఆ ఫ్లాటుకు ఇప్పుడు బయట తాళం వేయడం లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చాక రాజేశం నా గదికి వచ్చాడు. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. నాకు దండం పెట్టబోతే వద్దన్నాను. తలుపు తీయించానే గానీ కొట్టింది నేను కాదన్నాను.

"మరి ఎవలకు మొక్కాలె సార్?" అని అడిగాడు.

అతను అడిగింది నిజంగానే. ఆ ఫ్యాక్టరీ అధ్యాయం తీసి మొదటి నుంచి అతనికి చదివి వినిపించాను.