గట్టు మీద కొలిచిన ఎత్తు

రొయ్యల చెరువు చేసేవాడు కన్నబిడ్డను కొలవడం మొదలుపెడితే ఎంత ప్రమాదమో చెబుతాను, వినండి. నా తెలివికి మా అమ్మాయి స్వాతి ఆసుపత్రి మంచం ఎక్కబోయి, ఆఖరి నిమిషంలో తప్పించుకుంది.

తోటపల్లి గూడూరు దగ్గర మాదో చిన్న చెరువు. వల విసిరి రొయ్య ఎంత పెరిగిందో చూసుకోవడం, పక్క చెరువు కంటే వెనకబడితే అన్నం మానేయడం నా అలవాటు. ఆ అలవాటే ఇంటికీ తెచ్చాను. బడిలో స్వాతి అందరికంటే పొట్టి. అందుకని ఏటా పుట్టినరోజుకు దాన్ని గట్టు మీది తాటి స్తంభానికి ఆనించి, తల దగ్గర కత్తితో గీత పెట్టేవాణ్ణి. ఆ ఏడు దాని తల సరిగ్గా నిరుటి గీత దగ్గరే ఆగిపోయింది. ఆ పూట నేను అన్నం మానేశాను.

ఫోన్లో వెతికితే హార్మోన్ లోపం అని కనిపించింది. ఇక నేనే సగం డాక్టర్ని. భార్యనీ బిడ్డనీ తీసుకుని నెల్లూరు పోయి, కుర్చీలో కూర్చోకముందే, "హార్మోన్ సూది రాసెయ్యండి మేడం" అన్నాను.

డాక్టరమ్మ నవ్వింది. "పొట్టిగా ఉన్న పిల్లలందరికీ ఆ లోపం ఉండదండీ. అది అరుదు. కొందరిది అమ్మానాన్నల పోలిక. కొందరు ఆలస్యంగా ఎదుగుతారు. థైరాయిడ్ వల్ల కావచ్చు, తిన్నది ఒంటికి పట్టకపోవడం వల్ల కావచ్చు. ఇప్పుడెంత ఎత్తుందో చూస్తే సరిపోదు, ఏడాదిలో ఎంత పెరిగిందో తెలియాలి. ఎంత పెరిగింది?"

"సున్నా! ఎంట్రుకవాసి కూడా పెరగలా."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎదుగుదల పూర్తిగా ఆగితే తేలిగ్గా తీసుకోకూడదు. చేర్చుకుని, మందిచ్చి, మళ్లీ మళ్లీ రక్తం తీసి చూడాలి."

"లోపముంటే రోజూ సూదేనా నాన్నా?" అంది స్వాతి, నా చొక్కా అంచు పట్టుకుని. గర్వంగా సున్నా చెప్పిన నేను దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను.

అప్పుడు మా ఆవిడ సుజాత నోరు తెరిచింది. "పెరక్కపోతే యూనిఫాం గౌను మడత నేనెందుకిప్పినానయ్యా? ఒకసారి గాదు, రెండుసార్లు ఇప్పినా!"

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఎక్కడ కొలిచారు?"

"చెరువు గట్టు మీద, స్తంభం కాడ."

"గట్టు మీదనా! ఆడ మట్టంతా మొన్న వానలకి కొట్టకపొయ్యింది గదా!" సుజాత తల కొట్టుకుంది. "స్తంభం కింద సిమెంటు రెండంగుళాలు బయటపడుండాది. బిడ్డని గుంటలో నిలబెట్టి పెరగలేదంటావా?"

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వింది. చేర్చుకునే మాట పక్కన పెట్టి, మామూలు రక్తపరీక్షలూ, ఎముకల వయసు తెలియడానికి మణికట్టు ఎక్స్‌రే కూడా రాసింది. రక్తంలో ఏ తేడా లేదు. ఎముకలు మాత్రం వయసు కంటే వెనక ఉన్నాయి.

"మీరెప్పుడు ఎదిగారు?" అని అడిగింది నన్ను.

"ఈయనకి ఇంటరు దాకా సైకిలు పెడలే అందలేదంట. మా అత్త ఇప్పటికీ చెప్పి నవ్వతాది" అంది సుజాత.

"అయితే నాన్న పోలికే, ఆలస్యంగా ఎదుగుతుంది. ఆరు నెలలాగి రండి, గోడకు ఆనించి నేనే కొలుస్తాను."

ఆరు నెలలకు గోడ అసలు సంగతి చెప్పింది. పిల్ల దాని దారిన అది చక్కగా పెరుగుతోంది. ఆనందం పట్టలేక ఆసుపత్రి వరండాలోనే ఏడ్చేశాను.

ఇప్పుడు స్వాతి నా చెవి దాకా వచ్చింది. మొన్న గట్టుకు మట్టి తోలిస్తుంటే చూసి, "ఆ స్తంభం నిజమే చెప్పింది నాన్నా. గట్టు కరిగిపోతా ఉందని అది చెప్తే, నువ్వు నన్ను ఆస్పత్రికి తీసకపొయ్యినావు" అంది.

కాబట్టి ఆ తాటి స్తంభం మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: కాళ్ల కింద నేల చూసుకోకుండా ఇక ఎవరి బిడ్డనూ పొట్టి అనను.