లేచేదాకా డప్పు ఆగదు

మా డిగ్రీ కాలేజీలో క్లాసులకు ఎంతమంది వచ్చేవారో గానీ, కబడ్డీ మ్యాచ్ రోజున మాత్రం ప్రహరీ గోడ మీద కూడా కూర్చోవడానికి చోటు దొరికేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త రోజులు. అనకాపల్లి అంతా క్రికెట్ పిచ్చిలో ఉంటే మా కాలేజీకి కబడ్డీ పిచ్చి. ఎందుకని అడిగితే చెప్పగలిగినవాడు లేడు. బహుశా బ్యాట్లు కొనే పని ఉండదని కావచ్చు.

మ్యాచ్ రోజుకి మాకు కొన్ని పద్ధతులు ఉండేవి. పొద్దున్నే కుర్రాళ్ళు పాత ప్రశ్నపత్రాలు చింపి ముక్కలను సంచుల్లో నింపేవారు, మనవాడు పాయింటు తెస్తే గాల్లోకి చల్లడానికి. తప్పిన సబ్జెక్టుల కాగితాలైతే మరీ శ్రద్ధగా చింపేవారు. బరిలోకి దిగేముందు మా బావ ఒక్కొక్కరి నోట్లో బెల్లం ముక్క పెట్టేవాడు. బావ అంటే చుట్టం కాదు, నా క్లాసువాడే. మా వైపు మగవాళ్ళు పరిచయమైన మూడో మాటకే బావలైపోతారు. వాడిది టౌన్లో ఒక క్రైస్తవ కుటుంబం. చర్చిలో క్రిస్మస్ పాటలకు వాయించే డప్పును మ్యాచ్ రోజున గోనెసంచిలో దాచి తెచ్చేవాడు. ఆ సంగతి పాస్టరు గారికి తెలుసు. తెలియనట్టే ఉండేవారు, పెద్ద మ్యాచ్‌లకు వచ్చి వెనక వరసలో నిలబడేవారు కూడా.

అన్నిటికన్నా ముఖ్యమైన పద్ధతి ఆ డప్పుదే. మా ఆటగాడు కిందపడితే డప్పు మొదలయ్యేది. వాడు లేచి నిలబడేదాకా ఆగేది కాదు. ఎవరూ చెయ్యి అందించకూడదు. తనంతట తనే లేవాలి, బరిలో మట్టి తీసి నుదుట రాసుకోవాలి. అప్పుడు డప్పు ఆగి, కేకలు మొదలయ్యేవి. ఎదుటి జట్లకు ఇది ఒళ్ళుమంట. లేవకపోతే ఏం చెయ్యాలన్నది మాలో ఎవరూ ఆలోచించలేదు. అప్పటిదాకా పడ్డవాళ్ళంతా లేచారు మరి.

నేను కూతకు వెళ్ళేవాడిని. మాది కొండకర్ల ఆవ అనే పెద్ద చెరువు పక్క పల్లె. నాన్న చెరుకు వేసేవాడు. చదువులో నా సంగతి చెప్పుకోకపోవడమే మేలు. కబడ్డీ ఒక్కటే నాకు వచ్చిన విద్య. కాలేజీల మధ్య పోటీల్లో ఫైనల్‌కి చేరితే యూనివర్సిటీ జట్టులోకి నిన్ను తీసుకునేలా చూస్తానని, మాకు ఆటలు నేర్పే పీడీ గారు మాటిచ్చారు. ఆ జట్టు చొక్కా వేసుకుని ఒక్కసారి ఆడాలి, నాకు కావలసింది అదే. ఆ చొక్కా వెనక ఉద్యోగం కూడా ఉంటుందని ఆయన నాన్నతో అన్నారట. నాకు ఉద్యోగం మీద ధ్యాస లేదు.

సెమీఫైనల్ మా గ్రౌండులోనే జరిగింది. కూతకు వెళ్ళి ఒకణ్ణి తాకి తిరిగొస్తుంటే ఇంకొకడు నా చీలమండ పట్టేశాడు. ఒంటిని ముందుకు విసిరి, వేళ్ళతో మధ్యగీత అందుకున్నాను. నా మీద ముగ్గురు పడ్డారు. మోకాలి లోపల చిన్న చప్పుడయింది, ఎండు చెరుకాకు తొక్కినట్టు. నొప్పి లేదు. అసలు ఏమీ లేదు. వాళ్ళు నా మీంచి లేచారు, నేను పడుకునే ఉన్నాను. కాగితం ముక్కలు మొహం మీద పడుతున్నాయి. ఆ కాలు నాది కానట్టుంది.

డప్పు మొదలయింది.

నిజం చెప్పాలంటే నాకు లేవాలనిపించలేదు. కాసేపు అలా వదిలేస్తే ఎవరో ఒకరు వచ్చి చూసేవారేమో. పీడీ గారు ఒక అడుగు ముందుకు వేసి, చుట్టూ జనాన్ని చూసి ఆగిపోయారు. "లెగు బావా, లెగు!" అని బావ అరుస్తున్నాడు. వాడి మొహంలో ఉన్నది ప్రేమే, అందులో నాకు అనుమానం లేదు. ఆ డప్పు ఆపించడానికి నాకు తెలిసిన దారి ఒక్కటే. లేచాను. మట్టి రాసుకున్నాను. మళ్ళీ కూతకు వెళ్ళాను, ఆ తర్వాత ఇంకోసారి. చివరి కూతలో మోకాలు పక్కకి తిరిగిపోయింది. అయినా మేము గెలిచాం. నన్ను భుజాల మీద ఊరేగించారు. ఆ ఊరేగింపు నాకు సరిగ్గా గుర్తు లేదు.

విశాఖపట్నంలో డాక్టరు మోకాలు అటూ ఇటూ కదిపి చూసి, "దీని మీద నిలబడి మళ్ళీ ఆడావా? ఎవరు లేవమన్నారు నిన్ను?" అని అడిగాడు. నాన్నను పక్క గదిలోకి పిలిచి చాలాసేపు మాట్లాడాడు. కాలికి సిమెంటు కట్టు వేసి ఇంటికి పంపారు. మళ్ళీ ఎప్పుడు ఆడతానని నాన్నను అడిగితే, "ముందు కట్టు ఇప్పనీరా, సూద్దాం" అనేవాడు. ఇంకోసారి అడిగితే చక్కెర ఫ్యాక్టరీవాళ్ళు ఇంకా చెరుకు కొట్టమనలేదని చెప్పేవాడు. అమ్మ మంచినీళ్ళు తెచ్చిచ్చేది. నాకు కోపం రావాలి కదా, అదీ రాలేదు. దూలాలు చూస్తూ పడుకునేవాడిని.

ఫైనల్ ఎలమంచిలిలో. ఆ పొద్దున కుర్రాళ్ళు వ్యాను కట్టించుకుని, దారి మళ్ళించి మరీ మా పల్లెకు వచ్చారు. వీధిలో వ్యాను ఆగిన చప్పుడు, వెంటనే డప్పు. నాకు అర్థమయింది. వాళ్ళ లెక్కలో నేనింకా పడే ఉన్నాను.

ఇంటి తలుపు దగ్గరగా వేసి ఉంది. నేను లోపల మంచం మీద ఉన్నాను. డప్పు ఆగడం లేదు. చాలా రోజుల తర్వాత నా ఒంట్లో ఏదో కదిలింది. బతికున్న కాలు నేలకు ఆనించి, గోడ పట్టుకుని, కట్టున్న కాలిని ఈడ్చుకుంటూ లేచాను. చెమటలు పట్టాయి. తలుపు దాకా వెళితే చాలు, వాళ్ళకు కనిపిస్తాను అనుకున్నాను.

వీధిలో నాన్న గొంతు వినిపించింది.

"ఆపండి బాబూ. ఆపీండి."

"అదేటి మామా? బావ లెగాలి గదా." అది డప్పు వాయిస్తున్న మా బావ గొంతు.

"లెగడురా. మావోడింక ఆడలేడంట. డాక్టరు ఆ రోజే సెప్పేసేడు. ఆడికింకా సెప్పలేదు మేం."

డప్పు ఆగిపోయింది. ఆటగాడు లేవకుండా అది ఆగడం నాకు తెలిసి అదే మొదటిసారి. కాసేపటికి వ్యాను వెళ్ళిపోయింది.

నాన్న తలుపు తోసుకుని లోపలికి వచ్చేసరికి నేను గోడ పట్టుకుని నిలబడే ఉన్నాను.