కొత్త రంగుసీసా

మొన్న మంగళవారం కాశీబుగ్గ బడిలో నేను పాఠం చెబుతుంటే మా మావయ్య ఊరు సుమ్మాదేవి నుంచి మనిషొచ్చాడు. చెప్పులు చేత్తో పట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డాడు. మావయ్య పోయారని అతను నోరు విప్పకముందే తెలిసిపోయింది. ఏడాదిగా ఆ కబురు కోసమే బిక్కుబిక్కుమంటూ ఉన్నాం, ఆయనతో సహా.

మావయ్య ఇక్కడే ఒక చిన్న ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసేవారు. ఉద్దానం ఊళ్ల నుంచి జ్వరాలతో వచ్చినవాళ్లని "ఈ ఏడు జీడిపూత ఎలాగుంది?" అని అడిగేవారు. వాళ్లు జవాబు వెతుక్కునేలోగా వేలికి సూది గుచ్చడం అయిపోయేది. కొత్తగా పనిలో చేరినవాళ్లకి ఒకటే చెప్పేవారు: "అగుపించింది రాయండి. అగుపించాలనుకున్నది రాయకండి."

కణాలు కనబడేందుకు రక్తానికి పట్టించే రంగు ఒకటుంటుంది; దాని కొత్త సీసా తెరిచినప్పుడల్లా ముందు తన రక్తం మీదే వేసి చూసుకోవడం ఆయన అలవాటు. నిరుడు, అంటే 1968 వేసవిలో, ఒక ఆదివారం భోజనానికి పిలుద్దామని ఆసుపత్రికి వెళ్లాను. ఆయన మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు.

"ఈ రంగు పాడైనట్టుందమ్మా. తెల్లకణాలు ఏటో వింతగా ఉన్నాయి. నీ వేలు ఓపాలి ఇటియ్యి."

అదే సీసాలో రంగు నా రక్తం మీద వేశారు. ఆరేదాకా ఆగారు. తర్వాత చాలాసేపు చూశారు.

"నీది సుబ్బరంగా ఉంది," అన్నారు. "రంగు మంచిదే."

నేను సంతోషించాను. ఆయన ముఖం చూశాక గానీ ఆ మాటకి అర్థం తెలియలేదు.

తన గాజుపలక నాకూ చూపించారు. ఆ తెల్లకణాల్లో గుండ్రంగా ఉండాల్సిన కేంద్రకాలు ముడతలు పడి, మడతలు పడి ఉన్నాయి. పలక ఎటు జరిపినా అవే.

విశాఖలో పెద్ద డాక్టరు వాటిని లింఫ్ కణాలన్నారు. రోగాలతో పోరాడే ఆ కణాల్లో కొన్ని రొమ్ము ఎముక వెనకున్న థైమస్ గ్రంథిలో తయారవుతాయని ఈమధ్యే తెలుస్తోందట. మావయ్యవి చెడిపోయిన ఆ జాతివే కావచ్చన్నారు. నయం చేసే మందు మాత్రం లేదు.

"వీటికి పేరింకా పెట్టలేదా బాబూ?" అని మావయ్య అడిగారు. తనకి తెలిసి లేదన్నారు డాక్టరు.

ఆ తర్వాత వారం వారం తన రక్తం తానే తీసి, లెక్కపెట్టి, తేదీ వేసి దాచారు. తోటివాళ్లని పిలిచి చూపించారు. "ఇలాటివి మళ్లీ ఎవరికైనా అగుపిత్తే రంగుని తిట్టకండి. ఆ మనిషిని ఆ రోజే విశాఖ పంపండి." వారం వారం ఆ కణాలు పెరుగుతూనే వచ్చాయి.

"భయమెయ్యట్లేదా మావయ్యా?" అని ఒకసారి అడిగేశాను.

"ఏత్తందమ్మా. అందుకే రెండుసార్లు లెక్కెడతన్నాను."

పోయిన నెల విశాఖ నుంచి ఆయన్ని ఆఖరుసారి తీసుకొచ్చాం. సుమ్మాదేవిలో పాసింజరు ఎంతోసేపు ఆగదు. దిగాక ఇంజను ముందునుంచి పట్టాలు దాటాలి. మావయ్య నా భుజం పట్టుకుని రెండడుగులకోసారి ఆగుతున్నారు. వెనక్కి చూశాను. గార్డు పచ్చజెండా ఎత్తకుండా పట్టుకుని నిలబడ్డాడు. కిటికీల నిండా ముఖాలు. ఒక్కరూ తొందరపెట్టలేదు. మేం అవతలి తోటలోకి మలుపు తిరిగేదాకా ఆ బండి అలాగే నిలబడిపోయింది.